ఇరవై ఆరు అంగుళాల పలకలు

మార్చి 6, 1764

హెట్టీ ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు చనిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏడింటికి లేచాను. పనిమనిషి డోర్కస్ రాత్రంతా ఆమె మంచం పక్కనే ఉంది. జ్వరం తగ్గలేదు. దగ్గు మాత్రం ఆగింది. ఎనిమిదింటికి డాక్టరు వచ్చి, చేతి నరం కోసి నెత్తురు తీసి, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లాడు. తొమ్మిదింటికి గవర్నర్ బంగళా నుంచి కబురు. కార్యదర్శి బాల్డ్రీగారికి నిన్న పక్షవాతం వచ్చిందనీ, నన్ను ఒంటిగంటకు భోజనానికి రమ్మనీ. బాల్డ్రీ కింద పదకొండేళ్లుగా ఈ అమెరికా ప్రావిన్సు కౌన్సిల్ గుమాస్తాగా ఉన్నాను. ఆ పిలుపుకు అర్థం ఏమిటో నాకు తెలుసు. హెట్టీకీ తెలుసు.

పన్నెండున్నరకు ఆమె గదిలోకి వెళ్లాను. చెయ్యి పట్టుకున్నాను. "వెళ్లిరండి" అంది.

భోజనానికి ఎనిమిది మందిమి. ఉప్పుచేప, జింక మాంసం, మదీరా ద్రాక్షసారా. గవర్నర్ లాంగ్‌డేల్ నన్ను తన ఎడమవైపు రెండో కుర్చీలో కూర్చోబెట్టారు. అంత దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. పళ్లు వడ్డిస్తుండగా పొరుగింటాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పక్కర లేకపోయింది. గవర్నర్ లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన లేచారు కాబట్టి అందరూ లేచారు.

నేను ఇంటికి చేరేసరికి గడ్డానికి గుడ్డ కట్టేశారు. కళ్లు డోర్కసే మూసింది.

వయసు ముప్పై ఆరు. మాకు పిల్లలు లేరు.

మార్చి 7

శుక్రవారం అంత్యక్రియలు. పిలుపుగా చేతితొడుగులు ఎవరెవరికి పంపాలో జాబితా రాశాను. కౌన్సిల్ సభ్యులకు మేకపిల్ల తోలువి, వ్యాపారులకు గొర్రెపిల్ల తోలువి, మిగిలినవారికి ముతకవి. మా నాన్న తోళ్లు పదును చేసేవాడు. ఏ తోలు ఏదో కళ్లు మూసుకుని వేలి కొసతో చెప్పగలను. కాలేజీలో ఈ సంగతి ఎవరికీ తెలియకూడదనుకున్నాను. కాని అక్కడ మా పేర్లు చదువును బట్టి కాక తండ్రుల హోదాను బట్టి వరసగా రాసి గోడకు అంటించేవారు. ఇరవై నలుగురిలో నాది ఇరవై మూడు. ఇరవై నాలుగోవాడు మధ్యలో మానేశాడు.

పదకొండింటికి కెప్టెన్ లడ్ వచ్చాడు. గవర్నర్ చెప్పదలుచుకోని మాటలు ఇతను చెబుతాడు. మంట దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"పాపం, ఎంత మంచి మనిషండీ. గవర్నర్‌గారు నిన్నంతా ఆవిడ మాటే. శవపేటిక మీద నల్లగుడ్డ అంచు తనే స్వయంగా పట్టుకుంటారట, తెలుసా? ముందు వరసలో, కుడివైపు. ఇప్పటిదాకా ఏ గుమాస్తా గడపా తొక్కలేదాయన."

మంటలో ఒక కట్టె వేశాను.

"కాకపోతే ఒక్కటి. మీ బావమరిది నడిచే చోట ఆయన నడవరు. ఊరూరూ తిరిగి ఆయన్ని దింపెయ్యమని లండన్‌కి అర్జీ రాయించి సంతకాలు పెట్టిస్తున్నాడు కదా. అలాంటివాడి పక్కన నడవమంటే ఎలా నడుస్తారు, మీరే చెప్పండి?"

"సైలస్ ఆమె సొంత తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది."

"నేను కాదన్నానా? మీ ఇంటి చావు, మీ ఇష్టం. తొడుగులు అందినవాడికి పిలుపు అందినట్టు, అందనివాడికి అందనట్టు. అంతేగా మన ఊరి పద్ధతి? అతని కలప మిల్లు తొమ్మిది మైళ్లు. దారి చూస్తే మోకాటి లోతు బురద. ఏ మనిషి ఎక్కడ జారిపడి ఏ మూట పారేసుకుంటాడో ఎవరు చూడొచ్చారు?"

వెళ్లేటప్పుడు నా జాబితా చదివి, ఒక పేరుకు గొర్రెపిల్ల తోలు చాలదన్నాడు. మార్చాను.

మార్చి 8

తొడుగులు వెళ్లాయి. ఎనభై ఆరు జతలు.

సైలస్ జత బల్ల మీద ఉంది. అన్నిటికన్నా మంచి తోలు తనకే తీసి ఉంచాను. దారి నిజంగానే బాగాలేదు. రేపు పొద్దున్నే పంపవచ్చు.

మార్చి 9

అంత్యక్రియలు పదకొండు గంటలకు. మంచు పడింది.

గవర్నర్ వచ్చారు. ముందు వరసలో, కుడివైపు. గుడ్డ అంచు పట్టుకున్న ఆరుగురిలో హెట్టీని ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన పాస్టర్‌ను "ఆవిడ పేరేమిటన్నారు?" అని అడగడం వినబడింది. ఊళ్లో ఇంత పెద్ద ఊరేగింపు నాలుగేళ్లుగా లేదని తర్వాత ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు.

సైలస్ దారికి అవతల, సత్రం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ తీసి పట్టుకున్నాడు. ఉత్త చేతులు, చలికి కమిలి ఉన్నాయి. అందరూ చూశారు, చూడనట్టు నడిచారు. మేము కదిలినప్పుడు అతనూ కదిలాడు. మేము దారికి ఇటు, అతను అటు. శ్మశానం గోడ దాకా వచ్చి ఆగాడు. పిలవని చావు కాబట్టి గేటు దాటలేదు. గోడ బయట నిలబడి పాస్టర్ మాటలు విన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు గవర్నర్ "ఓపిక పట్టు, థార్న్" అన్నారు. మిస్టర్ లేకుండా. దగ్గరివాళ్లనే ఆయన అలా పిలుస్తారు.

మార్చి 10

మంచు.

మార్చి 11

చర్చి నుంచి వచ్చేసరికి సైలస్ నా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. డోర్కస్ లోపలికి రానిచ్చింది.

"ఏం బావా, మా అక్క చావుకి ఊళ్లో తోలు కరువొచ్చిందా?"

"పంపాను. మనిషి దారి తప్పాడు."

"ఏ మనిషి?"

అతను బల్ల మీద జత తీసి ఎడమ చేతికి తొడుక్కుని చూశాడు.

"నా కొలతే. మంచి తోలు. అయితే నీ మనిషి ఇంట్లోనే దారి తప్పాడన్నమాట." తీసి, ఎక్కడిది అక్కడ పెట్టాడు. "బాల్డ్రీ కుర్చీ కోసమేగా? కావాలంటే నన్ను అడగాల్సింది బావా. 'ఒరే, నువ్వు రావద్దు, నాకు పనుంది' అంటే మానుకునేవాణ్ణి. అక్క కూడా అదే అనేది. గోడవతల నిలబెట్టడం దేనికి?"

నేను వీధి తలుపు మూసి వచ్చాను.

"ఆయన ఇస్తాడనుకుంటున్నావా? కుక్కకి బొమిక చూపిస్తూ వీధి చివరిదాకా నడిపిస్తాడు. బొమిక మాత్రం చెయ్యి దాటదు."

"నీకు తెలియని సంగతులు మాట్లాడకు."

"సరే, తెలిసిందే అడుగుతాను. చివర్లో అక్క ఏమంది?"

"నన్ను వెళ్లిరమ్మంది."

"ఎక్కడికి?"

ఆమె పోయినప్పుడు నేను ఇంట్లో లేనని అప్పటిదాకా అతనికి తెలియదు. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు కూడా మెల్లగానే వేశాడు.

డోర్కస్ పళ్లేలు తీస్తూ, నా వైపు చూడకుండా అంది: "అయ్యగారూ, అమ్మగారు సోమవారం రాత్రి నుంచి నోరు విప్పలేదు. నేను పక్కనుంచి లేవలేదు."

"పెదవులు కదిపింది. నేను చూశాను."

"నీళ్ల కోసం కదిపి ఉంటుంది" అంది.

మార్చి 14

బాల్డ్రీ ఇంకా ఉన్నాడు. పలకరించడానికి వెళ్లాను. నా ముందు ఇద్దరు మేజర్లు, ఒక జడ్జీ వచ్చి వెళ్లారు. ఎవరి చేతిలో చూసినా రోగులకిచ్చే దూడకాళ్ల జావే. బాల్డ్రీ భార్య నా గిన్నె కూడా అందుకుంది.

"ఇది పన్నెండోది. ఆయనకి గుటక దిగదండీ. మా పందులు మాత్రం పుష్టిగా ఉన్నాయి. పైకి వెళ్లి చూడండి, బతికున్నాడో లేడో అందరూ చూసుకునే వెళ్తున్నారు."

నన్ను చూసి బాల్డ్రీ ఏడ్చాడు. ఎడమ చేత్తో నా చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఊరికే ఏడుపు వస్తుందని డాక్టరు అన్నాడు.

మార్చి 17

గవర్నర్ పిలిచారు. మంగలి ఆయనకు గడ్డం గీస్తున్నాడు.

"రావయ్యా థార్న్, కూర్చో. బాల్డ్రీ వారం కూడా దాటడట. ఆ కుర్చీలో నువ్వు తప్ప ఎవరు సరిపోతారు? పదకొండేళ్లుగా పేరు ఆయనది, పని నీది. నేనెరగనా?"

కృతజ్ఞతలు చెప్పాను.

"ఒక్కటే చిక్కు, నీ బావమరిది. కార్యదర్శి అంటే ప్రావిన్సు ముద్ర చేతిలో ఉన్నవాడు. నన్ను దింపుదామని చూస్తున్నవాడి చుట్టానికి ముద్ర అప్పగించానని లండన్‌లో వింటే నవ్వరూ? నువ్వు ఎటువైపో నలుగురికీ కనబడాలి."

"అంత్యక్రియల రోజు కనబడింది కదండీ."

"అది ఒక్క పూట పని. ఒక్క పూట ఎవడైనా ఎటైనా ఉంటాడు." మంగలి మరో చెంపకు నురగ రాశాడు. "నీ భార్యకి తమ్ముడు తరచు ఉత్తరాలు రాసేవాడట. మిల్లువాళ్లు ఏం రాస్తారు, చెట్ల సంగతే రాస్తారు. రెండడుగులు దాటిన పైన్ మాను ప్రతిదీ రాజుగారి ఓడలకి తెరచాప కొయ్య. రాజుగారి బాణం గుర్తు వేసిన చెట్టు మీద గొడ్డలి పెట్టినవాడికి ఏం శిక్షో నీకు నేను చెప్పాలా? ఆ చట్టం నకలు రాసిందే నువ్వు."

"మీరు ఆ ఉత్తరాలు అడుగుతున్నారా?"

"నేనేం అడగలేదయ్యా" అన్నారు. "గడ్డం గీయించుకుంటున్నాను."

మార్చి 18

చేయను.

మార్చి 19

ఆమె కుట్టుపని బుట్ట అడుగున నలభై ఒక్క ఉత్తరాలున్నాయి. సైలస్ ప్రమాదకరమైనది ఏదైనా రాసి ఉంటే తగలబెట్టాలి. అందుకే తీశాను. అతని మేలు కోసమే.

ఎక్కువ భాగం మిల్లు, పిల్లలు, మంచు. నిరుడు అక్టోబరుది ఇలా ఉంది:

"అక్కా, నీ గదిలో నేల చెమ్మ పైకి తంతోందని రాశావు. ఆ దగ్గుకి అదే మూలం. పలకలు పంపుతున్నాను, పరిపించుకో. ఒక్కోటి ఇరవై ఆరు అంగుళాల వెడల్పు. మన ప్రావిన్సులో ఎవరింట చూసినా ఇరవై మూడు అంగుళాల పలకలే కదా, అందరం అంత నీతిమంతులం మరి. నువ్వు మాత్రం మెల్లగా నడువు, నీ కాళ్ల కింద పడుకున్నది రాజుగారు. — నీ తమ్ముడు."

ఆ పలకలు వేసిన రోజు నాకు గుర్తుంది. ఇల్లంతా పైన్ వాసన. ఎందుకు వేయిస్తున్నావని నేను అడిగినట్టు గుర్తులేదు.

తగలబెట్టడానికి మంట దగ్గరకు తీసుకెళ్లాను. తర్వాత జనవరి ఉత్తరం చదివాను.

"అక్కా, బావ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. ఎవరి కంటా పడకూడదు. నువ్వన్నది నిజమే అయినా ఓర్చుకో. రమ్మంటే ఆ పూటే మంచుబండి కట్టుకుని వస్తాను. — నీ తమ్ముడు."

ఏం రాసింది?

పదకొండేళ్లలో నేను ఆమె మీద చెయ్యెత్తలేదు. గొంతెత్తలేదు. సాయంత్రాలు ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి, అంతే. ఆమె ఎదురుగా కూర్చుని కుట్టుకునేది. అప్పుడే రాసి ఉండాలి. నా ఎదురుగా కూర్చునే.

మార్చి 20

ఏం రాసింది.

ఉత్తరం ఇచ్చాను. ఒక్కటే. అక్టోబరుది. గవర్నర్ చదివి పకపకా నవ్వారు.

"'నీ కాళ్ల కింద పడుకున్నది రాజుగారు!' హాస్యం తెలిసిన మనిషేనయ్యా నీ బావమరిది."

సైలస్ తను చేసినదానికి తనే చెల్లించుకోవాలి. చట్టం చట్టమే. జనవరి ఉత్తరం నా దగ్గరే ఉంది.

మార్చి 22

బాల్డ్రీ తెల్లవారుజామున పోయాడు. తొమ్మిదింటికి గవర్నర్ నన్ను తాత్కాలిక కార్యదర్శిగా ప్రకటించారు. మేజర్లు ఇద్దరూ వచ్చి చెయ్యి కలిపారు. నిన్నటిదాకా నన్ను చూసి టోపీ తాకనివాళ్లు తలలు వంచారు.

కుర్చీకి ఒక కాలు పొట్టి. పదకొండేళ్లుగా ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను, ఈ సంగతి తెలియదు.

హెట్టీకి చెప్పాలనిపించింది. మా ఇంటి గేటు దాకా తొందరగానే నడిచాను.

ఏప్రిల్ 3

రాజుగారి అడవుల సర్వేయరు నలుగురు మనుషులతో వచ్చాడు. కొలబద్ద, గునపాలు.

"క్షమించండి దొరగారూ, మంచం పక్కకి తియ్యాలి. ఇది ఇరవై ఆరు. ఇదీ ఇరవై ఆరే. ఇది ఇరవై ఆరుంపావు. మాను ఎంత లావుందో, మంచి ఓడకొయ్య అయ్యుండేది."

మేకులు ఊడుతుంటే గది కేకలు పెట్టింది. సాయంత్రానికి పలకలన్నీ బండికెక్కాయి. కింద నల్లమట్టి, చెమ్మ వాసన. వేలు పెడితే నీరు ఊరింది.

డోర్కస్ గుమ్మంలో నిలబడి ఉంది, మూటతో.

"అమ్మగారి దగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు కనబడుతోందా అయ్యగారూ? ఆవిడ తమ్ముడికి తొమ్మిది మైళ్ల దూరం నుంచి కనబడింది."

"ఎక్కడికి వెళ్తావు?"

"మిల్లుకి. రేపో ఎల్లుండో ఆయన్ని పట్టుకుపోతారు కదా. ఆయన భార్య ఐదుగురు పిల్లల్తో ఒక్కతే ఉంటుంది."

ఎవరు చెప్పారని అడిగాను.

"మీ ఇంటి నేల చెప్పింది" అంది.

పొయ్యి నేనే రాజేసుకున్నాను. అలవాటు తప్పింది. పొగ.

ఏప్రిల్ 5

సైలస్‌ను మిల్లు దగ్గర పట్టుకున్నారు. మిల్లుకు తాళం వేశారు. రంపాలు ఆగాయి.

ఏప్రిల్ 12

మిల్లులో పట్టుకున్న అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్లు ఒక్కొక్కరే నా ఆఫీసుకు వచ్చి తమ పేర్లు కొట్టేయించుకుంటున్నారు. ఈ రోజు పద్నాలుగు మంది. టోపీలు చేతుల్లో పట్టుకుని నిలబడతారు. నేను వాళ్లకు గౌరవంగానే కలం అందిస్తున్నాను. ఒక ముసలి రైతు తన పేరు కొట్టేస్తూ "మీ ఇంటి పలకలట కదా?" అన్నాడు. తర్వాతివాణ్ణి పిలిచాను.

పలకలు గవర్నర్ తోటలో కడుతున్న విడిదింటికి చేరాయట. రాజుగారి సొత్తు, ఎక్కడ ఉన్నా రాజుగారిదే.

ఏప్రిల్ 24

నన్ను ఖాయం చేయమని లండన్‌కు రాసే సిఫార్సు కాగితం తయారుచేసుకుని సంతకం కోసం వెళ్లాను. గవర్నర్ అది చదవనేలేదు. సొరుగు లాగి ఒక తోలు కాగితం నా ముందు పెట్టారు.

"ముందు ఇది చూడు."

లండన్ ముద్ర. 1762 మే తేదీ. బాల్డ్రీ కన్నుమూసిన రోజునుంచి ఈ ప్రావిన్సు కార్యదర్శి పదవి ఒక ప్రభువు మేనల్లుడు పెరెగ్రిన్ ఆష్‌కోంబ్‌కు చెందుతుందని రాసి ఉంది. ఆ తేదీకి అతని వయసు పంతొమ్మిది.

మూడుసార్లు చదివాను. మంచి చేతిరాత.

"బాల్డ్రీగారికి తెలుసా?"

"తెలీకేం. ఇక్కడికి రాగానే నమోదు చేసి ముద్ర వేసింది ఆయనే. నోరు మెదపవద్దన్నాను, మెదపలేదు."

"నాకు ఇస్తామని..."

"నేనెప్పుడన్నానయ్యా? నువ్వు తప్ప ఎవరు సరిపోతారన్నాను. ఇప్పటికీ అదే అంటాను." నవ్వారు. కోపం లేని నవ్వు. "అమెరికాలో పుట్టినవాడికి ఈ కుర్చీ ఇస్తారని ఎలా అనుకున్నావు? చదువుకున్నవాడివి! అంత దిగులు పడకు. ఆ కుర్రాడికి ఓడెక్కితే వాంతులట, జన్మలో రాడు. ఆయన తరఫున ఇక్కడ పని చూసేవాడు కావాలి. ఆ మాట నేను రాస్తే నిన్నే పెట్టుకుంటాడు. పేరు ఆయనది, పని నీది. నీకు అలవాటే కదా."

తోలు కాగితం ఆయన ముందుకు జరిపాను.

"అయితే సైలస్ కేసు తేలనీ. వాళ్ల వకీలు గట్టివాడు. ఉత్తరం కింద పేరు లేదు, 'నీ తమ్ముడు' అని ఊరుకున్నాడు. మిల్లు చిట్టాలన్నీ గుమాస్తా రాసినవే, పోల్చి చూడ్డానికి ఇంకో కాగితం లేదు. ఆ చేతిరాత ఎరిగినవాడు ఒకడు ప్రమాణం చేసి చెప్పాలి. లేకపోతే కేసు గాలికి పోతుంది."

"చెప్పలేనంటే?"

"చెప్పకపో. కాని పలకలు దొరికింది నీ ఇంట్లో. ఆయన పంపలేదంటే, తెచ్చుకున్నది ఎవరు?"

ఈ మాట చాలా మెత్తగా అన్నారు. తర్వాత నా తోటలో తులిప్ పూలు వచ్చాయా అని అడిగారు.

ఏప్రిల్ 25

పనికి వెళ్లాను.

మే 1

ఆమె గదిలో ఇంకా నేల వేయించలేదు. తలుపు వేసి ఉంచుతున్నాను. అయినా వాసన వస్తోంది.

ఆమె ఏం రాసి ఉంటుందో నేను రకరకాలుగా రాసి చూశాను. ఆమె మాటల్లో. ఏదీ ఆమెలా లేదు. ఆమె ఎలా మాట్లాడేదో రాయబోతే మాట తట్టడం లేదు. "వెళ్లిరండి" ఒక్కటే తడుతోంది.

మే 9

జైలుకు వెళ్లాను. పోవాలని పోలేదు, సంతకాల పని ఉంది. జైలరు తాత్కాలిక కార్యదర్శినని కుర్చీ వేశాడు. సైలస్ గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. చిక్కాడు. గడ్డం పెరిగింది. నవ్వు మాత్రం అలాగే ఉంది.

"రా బావా. కుర్చీ ఇచ్చారే! ఇక్కడైనా దొరికింది."

"సోమవారం విచారణ."

"తెలుసు. వకీలు చెప్పాడు. అంతా నీ నోట్లో ఉందట." గడ్డిపోచ ఒకటి తుంచాడు. "నేను బతిమాలను. ఒక్కసారి అడుగుతాను. 'ఈ రాత నాకు తెలీదు' అను. అంతే. అబద్ధమే, దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను. నీ ఇంటి మీదికి వస్తే, పలకలు అక్క కొనుక్కుందను. చచ్చిపోయినదాన్ని ఎవరూ జైల్లో పెట్టరు. అక్క ఏమీ అనుకోదు. మిల్లు పోతే పిల్లలు రోడ్డున పడతారు బావా. పెద్దదానికి అక్క పేరే పెట్టాను."

"జనవరిలో ఆమె నా గురించి ఏం రాసింది?"

అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది.

"ఉత్తరాలన్నీ చదివావా?"

"ఏం రాసింది చెప్పు. చెబితే సోమవారం నాకు రాత తెలియదంటాను."

బయట గుర్రానికి నాడాలు కొడుతున్నారు. సైలస్ లేచి నిలబడ్డాడు.

"ఇందుకా నువ్వు ఆ కాగితం వాళ్లకిచ్చింది? కుర్చీ కోసం అనుకున్నాను. కుర్చీ కోసమైతే నాకు అర్థమయ్యేది."

"చెప్పు."

"ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. 'మా ఆయన దేవుడు' అని రాసిందంటే నువ్వు నమ్ముతావు. నమ్మాలనే వచ్చావు. నేను ఇంటికిపోతాను, నువ్వు ఏడ్చుకుంటూ పోతావు." తల అడ్డంగా ఊపాడు. "అది నిన్ను నమ్మి రాసింది కాదు బావా. నన్ను నమ్మి రాసింది."

"నీ పిల్లల కోసమైనా..."

"నా పిల్లల పేరు నువ్వు ఎత్తకు."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కుర్చీలో ఇంకా కొంతసేపు కూర్చున్నాను. సంతకాల పని ముగించుకుని వచ్చాను.

మే 10

అతను మొండివాడు. చెప్పి ఉంటే ఈపాటికి అంతా తేలిపోయేది. తప్పు నాది కాదు.

మే 13

ఆదివారం. పాస్టర్ సత్యం గురించి చెప్పాడు. ఆయనకు ఎవరైనా చెప్పి చెప్పించారో, యాదృచ్ఛికమో.

చర్చి బయట సైలస్ భార్య నిలబడి ఉంది, ఐదుగురు పిల్లలతో. డోర్కస్ చివరిదాన్ని ఎత్తుకుంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పెద్దపిల్లకు తొమ్మిదేళ్లు ఉంటాయి. నుదురు, కనుబొమలు హెట్టీవి. నాకు వంగి నమస్కరించింది, మర్యాద నేర్పిన పిల్ల కదా. దారిచ్చారు. నడిచి వచ్చాను.

మధ్యాహ్నం మిస్టర్ ఆష్‌కోంబ్‌కు ఉత్తరం రాశాను. నియామకానికి అభినందనలనీ, ఆయన తరఫున పని చూసుకునే అవకాశం నా అదృష్టం అనీ. మూడు ప్రతులు చించాను, అక్షరాలు నాకు నచ్చలేదు. నాలుగోది బాగా వచ్చింది.

నేను అబద్ధం చెప్పబోవడం లేదు. అది సైలస్ రాతే. పలకలు పంపింది అతనే. ఇందులో నేను కల్పించింది ఒక్క అక్షరం లేదు. సత్యం చెప్పినవాణ్ణి ఏ చట్టమూ తప్పుపట్టదు. హెట్టీ కూడా ఎప్పుడూ అబద్ధం సహించేది కాదు.

జనవరి ఉత్తరం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. అతను కోర్టులో నన్ను చూసినప్పుడు మనసు మారవచ్చు. ఒక్క మాట, ఒక్క సైగ చాలు. నేను గమనిస్తూ ఉంటాను.

అతను సైగ చేయడు.

రేపు ఉదయం తొమ్మిది గంటలకు కోర్టుకు వెళ్తాను. బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఆ చేతిరాత నా భార్య తమ్ముడిదేనని చెబుతాను. పదింటికి కౌన్సిల్ ఉంది. అందుకోగలను.